వంటగట్టు రాయిలో సిలికా ఎంత? తూకంతో, కంటితో గ్రానైట్ రసాయన కూర్పును అంచనా కట్టే విధానం

కొత్త ఇంట్లో వంటగట్టు మీద గ్రానైట్ పరిచేటప్పుడు సింకు కోసం ఒక ముక్కను కోసి తీస్తారు. పని పూర్తయ్యాక ఆ ముక్క మేడ మీదనో గేటు పక్కనో పడి ఉంటుంది. ఒక వైపు అద్దంలా పాలిష్ అయి, మరో వైపు గరుకుగా ఉండి, అంచుల్లో లోపలి రాయి తాజాగా కనిపించే ఆ ముక్క కన్నా మంచి నమూనా భూవిజ్ఞానం చదివే విద్యార్థికి గుంటూరులో ఉచితంగా దొరకదు. దాన్ని తూచి, చూసి, లెక్కపెట్టి, అందులో సిలికా (సిలికాన్ ఆక్సైడ్), అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), పొటాషియం, సోడియం, కాల్షియం, ఇనుము ఎంతెంత ఉన్నాయో అంచనా కట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఎక్స్‌కిరణాలతో రాతిలోని మూలకాలను కొలిచే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం ఇచ్చే ఖచ్చితత్వం దీనికి రాదు. అయినా ఓపికగా చేస్తే సిలికా ఒకటిన్నర శాతం అటూ ఇటూగా తెలుస్తుంది. మిగిలిన ఆక్సైడ్లలో ఏది ఎంత నమ్మదగినదో కూడా తెలుస్తుంది.

దీనికి కావలసిన సామగ్రి ఎక్కువ లేదు. 0.1 గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ కాటా, మూడు నాలుగు లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా, ప్రయోగశాల థర్మామీటరు, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, బలమైన చిన్న అయస్కాంతం, చేపలు పట్టే నైలాన్ దారం ఉండాలి. వీటితోపాటు 5 మిల్లీమీటర్ల గళ్లను ముద్రించిన పారదర్శక షీటు కావాలి. గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేటల్లోని జిరాక్స్ దుకాణాల్లో అడిగితే గళ్ల కాగితాన్ని పారదర్శక షీటు మీద ముద్రించి ఇస్తారు.

మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. రాయి సాంద్రత నుంచి దాని రసాయన కూర్పుకు నేరుగా దారి లేదు. గ్రానైట్‌లో ప్రధానంగా ఉండేవి పలుగురాయి అని మనం పిలిచే క్వార్ట్జ్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, సోడియం కాల్షియంలు కలిసిన ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకమైన బయొటైట్. క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు. గ్రానైట్‌లో తరచుగా కనిపించే ఆలిగోక్లేజ్ రకం ప్లేజియోక్లేజ్ సాంద్రత కూడా దాదాపు 2.65. మొదటిది నూటికి నూరు పాళ్లు సిలికా, రెండోదానిలో సిలికా 63 శాతమే. కాటా ఈ రెండింటినీ విడదీయలేదు. మరోవైపు బయొటైట్ సాంద్రత సుమారు 3.0, అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజమైన మాగ్నటైట్ సాంద్రత 5.2 కాబట్టి నల్లని ఖనిజం కొద్దిగా పెరిగినా కాటా వెంటనే పట్టుకుంటుంది. అందువల్ల పనిని రెండుగా పంచుకోవాలి: లేత రంగు ఖనిజాలను కన్ను లెక్కపెట్టాలి, ముదురు ఖనిజాల విషయంలో కంటి లెక్క సరైనదో కాదో తూకం సాక్ష్యం చెప్పాలి. ఈ విభజన మరిచి, సాంద్రత ఒక్కదానితో సిలికాను లెక్కగట్టే సూత్రం కోసం వెతికేవారు ఎంత వెతికినా ప్రయోజనం లేదు.

రాయి నిజంగా గ్రానైటేనా అన్నది తరువాతి ప్రశ్న. మన ప్రాంతంలో ఈ ప్రశ్నను దాటవేయకూడదు, ఎందుకంటే వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయి ప్రతిదీ గ్రానైటే. చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ రాయి భూవిజ్ఞాన పరిభాషలో గాబ్రో, నోరైట్ అనే ముదురు అగ్నిశిలల జాతికి చెందినది. నల్లని నేల మీద బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ పలుకులు; అది ఇనుము, మెగ్నీషియం గల పైరాక్సీన్ అనే ఖనిజ జాతికి చెందినది. అందులో క్వార్ట్జ్ కోసం వెతకడం వృథా. గుంటూరు, విజయవాడల చుట్టూ ఉన్న కొండలు కూడా చాలావరకు తూర్పు కనుమల చార్నకైట్, ఖోండలైట్ శిలలే. విజయవాడ కొండల్లో విరివిగా కనిపించే ఖోండలైట్‌లో ఎర్రని గార్నెట్ పలుకులు, పుల్లల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడ గ్రాఫైట్ ఉంటాయి. అది మట్టి అవక్షేపం అధిక ఉష్ణోగ్రతలో రూపాంతరం చెంది ఏర్పడిన శిల కాబట్టి ఇక్కడ చెప్పే లెక్క దానికి వర్తించదు. చార్నకైట్ గురించి చివరిలో చెబుతాను.

వేరు చేయడానికి సులభమైన కొలత సాంద్రతే. అసలైన గ్రానైట్ సాధారణంగా 2.60 నుంచి 2.70 మధ్య ఉంటుంది. 2.9 దాటిందంటే అది గాబ్రో లేదా డోలరైట్ జాతి నల్లరాయి అని నిస్సందేహంగా పక్కన పెట్టవచ్చు. 2.70, 2.80 మధ్య వస్తే హార్న్‌బ్లెండ్ అనే ముదురు ఖనిజం ఎక్కువగా ఉన్న, గ్రానైట్‌కు దగ్గరి శిల గ్రానోడయొరైట్ కావచ్చు, చార్నకైట్ కావచ్చు, భూతద్దంతో తేల్చుకోవాలి.

ఇక తూకం. ముక్కను బ్రష్‌తో కడిగి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, చల్లారాక తూచి రాసుకోవాలి. తరువాత ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడిని గుడ్డతో తుడిచి మళ్లీ తూచాలి. నా దగ్గర ఉన్న బూడిదరంగు, గులాబిరంగు కలిసిన ముక్క పొడిగా 842.6 గ్రాములు, నానాక 843.9 గ్రాములు తూగింది. అంటే పీల్చుకున్న నీరు 1.3 గ్రాములు, 0.15 శాతం. కట్టడాలకు వాడే గ్రానైట్‌కు అమెరికా ప్రమాణం అనుమతించే గరిష్ఠ నీటి పీల్పు 0.4 శాతం. అంతకు మించి పీల్చే ముక్కలో పగుళ్లు ఉన్నాయనో ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారడం మొదలైందనో గ్రహించి, మరో ముక్కను ఎంచుకోవడం మంచిది. ఈ పరీక్షలను పద్ధతి ప్రకారం చేయదలచినవారికి భారత ప్రమాణం 1124 ఉంది.

ఇప్పుడు డబ్బాలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, కాటాను సున్నాకు తేవాలి. నానిన ముక్కకు దారం కట్టి, పైన ఒక కర్రకు వేలాడదీసి, అడుగుకు గాని పక్కలకు గాని తగలకుండా పూర్తిగా నీళ్లలో మునిగేలా దించాలి. అప్పుడు కాటా చూపేది ముక్క తొలగించిన నీటి బరువు. నాకు 317.2 గ్రాములు వచ్చింది. రంధ్రాల్లోని నీరు కూడా ఈ సంఖ్యలో చేరి ఉంది కాబట్టి పీల్చుకున్న 1.3 గ్రాములను తీసివేస్తే 315.9 మిగులుతుంది. ముక్కకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది; గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క నీళ్లలో కలిపి, ముక్కను దారంతో రెండు మూడుసార్లు మెల్లగా తిప్పితే అవి వదిలిపోతాయి. బోరు నీటిలో లవణాలు ఎక్కువ కాబట్టి క్యాను నీరు వాడండి.

842.6ను 315.9తో భాగిస్తే 2.667 వస్తుంది. ఇది నీటితో పోల్చిన సంఖ్య మాత్రమే, దీన్నే సాంద్రతగా తీసుకోకూడదు. నేను మొదటిసారి ఈ పని మే నెలలో, మేడ మీది ట్యాంకు నీళ్లతో చేసి, నీటి సాంద్రత ఒకటే కదా అని వదిలేశాను. వచ్చిన సంఖ్యను బట్టి రాయిలో లేని అభ్రకాన్ని ఉన్నట్టు రాసుకున్నాను. భూతద్దంతో ఎంత వెతికినా అంత అభ్రకం కనిపించక రెండు రోజులు తికమకపడ్డాను. నీటి సాంద్రత 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.9970, 30 దగ్గర 0.9957, 35 దగ్గర 0.9940, 40 దగ్గర 0.9922. మన ఎండాకాలంలో ఈ తేడాను వదిలేయడానికి వీల్లేదు. నీరు 35 డిగ్రీలు ఉన్నప్పుడు 2.667ను 0.9940తో గుణిస్తే 2.651 వస్తుంది. పోయింది 0.016 మాత్రమే అనిపించవచ్చు. కాని ఘనపరిమాణంలో ఒక శాతం లేత ఖనిజం స్థానంలో బయొటైట్ వస్తే సాంద్రత పెరిగేది దాదాపు 0.004. అంటే థర్మామీటరు చూడనందువల్ల నాలుగు శాతం అభ్రకం గాలిలోంచి పుట్టుకొస్తుంది. గ్రాము వరకే చూపే వంటింటి కాటా కూడా ఈ పనికి ఎందుకు చాలదో ఇదే చెబుతుంది. ఒక్క గ్రాము పొరపాటు ఇక్కడ రెండు శాతం బయొటైట్‌తో సమానం.

కంటి పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఖనిజాలను గుర్తుపట్టడంలో. ముక్కను కిటికీ దగ్గర పెట్టుకుని, ముందు గరుకు వైపును, విరిగిన మూలలను చూడండి. రాయిని మెల్లగా తిప్పుతుంటే కొన్ని పలుకులు ఒక కోణంలో చిన్న అద్దాల్లా తళుక్కుమని, మరుక్షణం ఆరిపోతాయి. అవి ఫెల్డ్‌స్పార్‌లు, వాటికి సమతలంగా చీలే గుణం ఉంది. ఎంత తిప్పినా అలా మెరవకుండా, గాజుపెంకు విరిగినట్టు వంపు తిరిగి, పొగమంచు రంగులో లోతుగా కనిపించేది క్వార్ట్జ్. పాలిష్ వైపున ఈ తేడా మరోలా తెలుస్తుంది: ఫెల్డ్‌స్పార్‌లో సన్నని సమాంతర చీలికల గీతలు కనిపిస్తాయి, క్వార్ట్జ్‌లో చూపు లోపలికి దిగినట్టు ఉంటుంది.

రెండు ఫెల్డ్‌స్పార్‌లను విడదీయడం ఇంకా కష్టం. గులాబిరంగులో ఉన్నది పొటాష్ ఫెల్డ్‌స్పార్, తెల్లనిది ప్లేజియోక్లేజ్ అని పాఠాల్లో చెబుతారు. నా ముక్కలో అది నిజమే. కాని రెండూ తెల్లగానే ఉండే గ్రానైట్‌లు ఎన్నో ఉన్నాయి కాబట్టి రంగును నమ్మి ఊరుకోకూడదు. మెరిసే చీలిక తలం మీదికి భూతద్దం తెచ్చి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే ప్లేజియోక్లేజ్ మీద తిన్నని, అతి సన్నని సమాంతర రేఖలు దువ్వెనతో గీసినట్టు కనిపిస్తాయి. అవి కవల స్ఫటికాల అంచులు. పొటాష్ ఫెల్డ్‌స్పార్ మీద ఉండవు. ప్రయోగశాలల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో రాతి తలాన్ని తినిపించి, సోడియం కోబాల్టినైట్రైట్ ద్రావణంలో ముంచితే పొటాష్ ఫెల్డ్‌స్పార్ పసుపుపచ్చగా మారుతుంది. ఆ ఆమ్లం చర్మంలోంచి ఎముక వరకు దిగి ప్రాణం తీయగలదు. ఇంట్లోనూ, తగిన ఏర్పాట్లు లేని కళాశాల గదిలోనూ దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను.

నల్లని పలుకుల విషయంలో పదునైన చాకు మొన చాలు. మొనతో గీరితే పొరలుగా లేచేది బయొటైట్. గట్టిగా నిలిచి, పొడవాటి పుల్లలా కనిపించేది హార్న్‌బ్లెండ్.

గుర్తుపట్టడం అలవాటయ్యాక లెక్కపెట్టడం యాంత్రికమైన పనే. పాలిష్ తలం మీద పారదర్శక షీటును కదలకుండా అంటించి, గీతలు ఖండించుకునే ప్రతి బిందువు కింద ఏ ఖనిజం ఉందో చూసి, ఒక కాగితం మీద గీత పెట్టుకుంటూ పోవాలి. పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల తలంలో 500 బిందువులు వస్తాయి. బిందువు సరిగ్గా రెండు పలుకుల సరిహద్దు మీద పడితే ఒకసారి కుడివైపు దానికి, తరువాతిసారి ఎడమవైపు దానికి చేర్చాలి. తలం మీద ఒక ఖనిజం ఆక్రమించిన వైశాల్యం నిష్పత్తి, రాయి మొత్తంలో దాని ఘనపరిమాణం నిష్పత్తికి సమానమవుతుందన్న సూత్రం ఫ్రాన్స్ దేశపు భూవిజ్ఞాని డెలెస్ 1847లో చెప్పినది. ఈ పని అంతా దాని మీదే ఆధారపడింది. అయితే గోళీకాయంత ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలున్న రాయికి ఈ చిన్న ముక్క చాలదు, రెండు మూడు చదరపు అడుగుల స్లాబు కావాలి. చారలు తీరిన రాయిలో చారలకు అడ్డంగా కోసిన తలాన్ని ఎంచుకోవాలి.

నా ముక్కలో 500 బిందువులకు క్వార్ట్జ్ 150, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 175, ప్లేజియోక్లేజ్ 145, బయొటైట్ 28, మాగ్నటైట్ 2 వచ్చాయి. శాతాల్లో వరుసగా 30, 35, 29, 5.6, 0.4. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ముదురు ఖనిజాలను పక్కన పెట్టి, క్వార్ట్జ్, రెండు ఫెల్డ్‌స్పార్‌ల మొత్తంలో క్వార్ట్జ్ 20 నుంచి 60 శాతం ఉండాలి. ఫెల్డ్‌స్పార్‌ల మొత్తంలో ప్లేజియోక్లేజ్ 10 నుంచి 65 శాతం ఉండాలి. ఇక్కడ అవి 32, 45 శాతాలు కాబట్టి ఈ రాయి పేరుకు తగిన గ్రానైటే.

ఘనపరిమాణాన్ని బరువుగా మార్చడానికి ప్రతి శాతాన్ని ఆ ఖనిజ సాంద్రతతో గుణించాలి. క్వార్ట్జ్ 30ని 2.65తో గుణిస్తే 79.5, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 35ను 2.56తో గుణిస్తే 89.6; ప్లేజియోక్లేజ్ 29ని 2.65తో గుణిస్తే 76.85; బయొటైట్ 5.6ను 3.0తో గుణిస్తే 16.8, మాగ్నటైట్ 0.4ను 5.2తో గుణిస్తే 2.08. వీటి మొత్తం 264.83. దీన్ని నూరుతో భాగించగా వచ్చే 2.648 ఈ రాయికి ఉండవలసిన సాంద్రత. కాటా చెప్పినది 2.651. తేడా 0.003, అంటే ఒక శాతం బయొటైట్ కన్నా తక్కువ. కన్ను, కాటా ఒకే మాట చెప్పాయి కాబట్టి ముందుకు సాగవచ్చు. తేడా 0.01 దాటితే రసాయన లెక్కలోకి దిగకుండా ఆగి, ముదురు పలుకులను మళ్లీ లెక్కపెట్టాలి, థర్మామీటరును మళ్లీ చూడాలి.

అలాంటి తేడా వచ్చినప్పుడు మొదట అనుమానించవలసింది మాగ్నటైట్‌ను. 0.4 శాతం మాగ్నటైట్ సాంద్రతను 0.010 మేర పెంచుతుంది. అంత పెరగడానికి బయొటైట్ అయితే రెండున్నర శాతానికి పైగా కావాలి. ఇసుకరేణువంత మాగ్నటైట్ పలుకులు గళ్ల బిందువుల కింద పడకుండా తప్పించుకోవడం మామూలే. దారానికి కట్టిన అయస్కాంతాన్ని రాతి దగ్గరికి తెస్తే అది పక్కకు జరుగుతుందో లేదో చూడండి. జరిగితే, ముక్క నుంచి ఇరవై గ్రాములు విరిచి, తడిగుడ్డలో చుట్టి నలగ్గొట్టి, కాగితంలో చుట్టిన అయస్కాంతంతో నల్లని రేణువులను ఏరి, నీళ్లలో కడిగి ఆరబెట్టి తూచవచ్చు. నలగ్గొట్టేటప్పుడు రాయి తడిగా ఉండాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. పొడి క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌కు దారితీస్తుంది. క్వారీల్లో, కటింగ్ యంత్రాల దగ్గర పనిచేసేవారి ఆయుష్షును తగ్గించేది ఇదే ధూళి. సుత్తి నుంచి రాలిన ఇనుప రజను కూడా అయస్కాంతానికి అంటుకుంటుందని గుర్తుంచుకోండి.

పై గుణకారాల ఫలితాలను 264.83తో భాగిస్తే బరువు శాతాలు వస్తాయి: క్వార్ట్జ్ 30.0, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 33.8, ప్లేజియోక్లేజ్ 29.0, బయొటైట్ 6.3, మాగ్నటైట్ 0.8. ఇక ఒక్కో ఖనిజాన్ని ఆక్సైడ్లుగా విడదీయాలి. శుద్ధమైన పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో సిలికా 64.8, అల్యూమినా 18.3, పొటాషియం ఆక్సైడ్ 16.9 శాతం. ఐదో వంతు కాల్షియం భాగం ఉన్న ఆలిగోక్లేజ్‌లో సిలికా 63.3, అల్యూమినా 23.0, సోడియం ఆక్సైడ్ 9.3, కాల్షియం ఆక్సైడ్ 4.2 శాతం. బయొటైట్ కూర్పు రాయిని బట్టి మారుతుంది. గ్రానైట్‌కు సిలికా 36, అల్యూమినా 15, ఫెర్రస్ ఆక్సైడ్ 20, మెగ్నీషియం ఆక్సైడ్ 10, పొటాషియం ఆక్సైడ్ 9, టైటానియం ఆక్సైడ్ 3 అని తీసుకుంటే పెద్ద పొరపాటు రాదు. మాగ్నటైట్‌లోని ఇనుమునంతా ఫెర్రస్ ఆక్సైడ్‌గా లెక్కిస్తే 93 శాతం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది. ఈ అంకెలను ఉన్నవున్నట్టు వాడితే పొటాషియం ఆక్సైడ్ 6.3 శాతం తేలుతుంది, అది గ్రానైట్‌కు అనుమానించదగినంత ఎక్కువ. కారణం, ప్రకృతిలోని పొటాష్ ఫెల్డ్‌స్పార్ శుద్ధంగా ఉండదు. రాయి చల్లారేటప్పుడు విడిపోయిన సోడియం ఫెల్డ్‌స్పార్, అంటే ఆల్బైట్, దాని లోపలే సన్నని తెల్లని తీగల్లా మిగిలిపోతుంది. గులాబిరంగు పలుకులో భూతద్దంతో చూస్తే మాంసంలో కొవ్వు చారల్లా అవి కనిపిస్తాయి. ఈ అల్లికను పెర్తైట్ అంటారు. బరువులో ఐదో వంతు ఆల్బైట్ అనుకుంటే, అందులో సిలికా 68.7, అల్యూమినా 19.4, సోడియం ఆక్సైడ్ 11.8 శాతం కాబట్టి, లెక్క సర్దుకుంటుంది.

ఆ సవరణతో నా ముక్కలో సిలికా 72.9, అల్యూమినా 13.9, పొటాషియం ఆక్సైడ్ 5.1, సోడియం ఆక్సైడ్ 3.5, కాల్షియం ఆక్సైడ్ 1.2, మొత్తం ఇనుము ఫెర్రస్ ఆక్సైడ్‌గా 2.0, మెగ్నీషియం ఆక్సైడ్ 0.6, టైటానియం ఆక్సైడ్ 0.2 శాతం వచ్చాయి. ప్రపంచవ్యాప్తంగా గ్రానైట్‌ల సగటు సిలికా 72, అల్యూమినా 14.4 శాతం దగ్గర ఉంటుంది. మన అంచనా ఆ పరిధిలోనే ఉంది.

ఏ అంకెను ఎంత నమ్మాలో లెక్కించడానికి ఒక చిన్న సూత్రం ఉంది. ఖనిజం భిన్నాన్ని, ఒకటి నుంచి ఆ భిన్నం తీసివేయగా మిగిలినదానితో గుణించి, బిందువుల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. 500 బిందువుల్లో 30 శాతం క్వార్ట్జ్‌కు ఇది 4 శాతం అటూ ఇటూ. అది ఎక్కువే అనిపిస్తుంది, కాని క్వార్ట్జ్‌ను ఫెల్డ్‌స్పార్ అని పొరబడితే పోయే సిలికా అందులో మూడో వంతు మాత్రమే కాబట్టి సిలికాలో తేడా 1.4 శాతం దాటదు. పొటాషియం, సోడియంలకు ఆ అదృష్టం లేదు. ఫెల్డ్‌స్పార్‌లను తారుమారు చేయడం, పెర్తైట్‌ను ఊహించడం, రెండూ నేరుగా వాటి మీదే పడతాయి. చెరొక శాతం వరకు తప్పు ఉండవచ్చని ఒప్పుకుని రాయాలి. 1000 బిందువులు లెక్కపెడితే 4 శాతం 3 శాతం కన్నా కొంచెం తక్కువకు దిగుతుంది. షీటును పక్కకు తిప్పి రెండోసారి లెక్కపెట్టడానికి పట్టే గంట సమయం వృథా కాదని నా అభిప్రాయం.

పరికరాలు అందుబాటులో ఉన్నవారు మరికొన్ని భౌతిక ధర్మాలను తోడు తెచ్చుకోవచ్చు. పొటాషియానికి గామా స్పెక్ట్రోమీటరు అన్నిటికన్నా మంచి సాక్షి: సహజ పొటాషియంలో కొంత భాగం రేడియోధార్మికమైనది కాబట్టి రాయిలో ఒక శాతం పొటాషియం ఉంటే కిలోకు సుమారు 313 బెక్వెరెల్ (సెకనుకు 313 పరమాణు విఘటనలు) నమోదవుతుంది, పెర్తైట్ ఊహ అవసరం లేకుండా పోతుంది. అయస్కాంత గ్రహణశీలతను కొలిచే చేతి మీటరు మాగ్నటైట్‌ను చెబుతుంది. ఘనపరిమాణంలో ఒక శాతానికి అంతర్జాతీయ ప్రమాణంలో సుమారు 0.03 నుంచి 0.04 వస్తుంది. ఉష్ణవాహకత క్వార్ట్జ్ వైపు మొగ్గు చూపుతుంది, ఎందుకంటే మీటరుకు, కెల్విన్‌కు వాట్లలో క్వార్ట్జ్ విలువ 7.7 అయితే ఫెల్డ్‌స్పార్‌లది 2 దగ్గర. ధ్వని వేగం మాత్రం కూర్పు కన్నా సన్నని పగుళ్లనే ఎక్కువగా ప్రతిఫలిస్తుంది కాబట్టి ఈ పనికి దాన్ని వాడను.

ఇప్పుడు చార్నకైట్. కలకత్తాలో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని పరిశీలించి భూవిజ్ఞాని హాలండ్ 1893లో ఈ పేరు పెట్టాడు. ఇందులోని క్వార్ట్జ్ నీలివన్నెలో, ఫెల్డ్‌స్పార్ నూనె రాసినట్టు ఆకుపచ్చని ఛాయలో ఉండి, రెండూ ఒకేలా కనిపించి కంటిని మోసగిస్తాయి. కంకర క్వారీల్లో తాజాగా పగిలిన చార్నకైట్‌ను చూసినవారు దాన్ని ఒకే ఖనిజంతో చేసిన ముదురు రాయి అనుకుంటారు. దీనికి పాలిష్ తలం మీద గాక కొద్దిగా వాతావరణానికి గురై లేతబారిన తలం మీద గుర్తింపు మొదలుపెట్టాలి. అక్కడ ఫెల్డ్‌స్పార్ తెల్లబడి, క్వార్ట్జ్ నుంచి విడిగా తెలుస్తుంది. నల్ల ఖనిజం బయొటైట్ బదులు పైరాక్సీన్ జాతికి చెందిన హైపర్‌స్తీన్ అయితే సాంద్రత 3.4 గా తీసుకోవాలి, దాని ఆక్సైడ్లలో పొటాషియం ఉండదన్నది మరువకూడదు.

ఎప్పుడైనా అదే ముక్కను విశ్లేషణకు పంపి అంచనాతో పోల్చదలచినప్పుడు, ప్రయోగశాల నివేదికల్లో మొత్తం ఇనుము సాధారణంగా ఫెర్రిక్ ఆక్సైడ్‌గా రాసి ఉంటుంది. మన ఫెర్రస్ ఆక్సైడ్ అంకెను 1.11తో గుణించాకనే పక్కపక్కన పెట్టి చూడాలి: నా ముక్కకు 2.0 కాస్తా 2.2 అవుతుంది. బయొటైట్‌లోని నీరు, సుమారు 0.25 శాతం, నివేదికలో కాల్చినప్పటి నష్టం అనే వరుసలో కనిపిస్తుంది.